జేడ్ మీద నారింజ తొక్కలా గుంటలు

పాలిష్ అయ్యాక మీ జేడ్ పెండెంట్ మీద నారింజ తొక్కలా సన్నటి గుంటలు వస్తున్నాయన్నారు కదండీ, రాయి నకిలీదేమో అని కంగారు పడకండి, జేడ్‌లో రేణువులు తలో దిక్కుకీ ఉంటాయి, మెత్తటి బఫ్ (పాలిష్ చేసే గుడ్డ చక్రం) పెడితే కొన్ని ముందే అరిగిపోయి అలా అవుతుంది. మళ్ళీ 600 గ్రిట్ డైమండ్‌కి వెళ్ళండి (గ్రిట్ అంటే అరగదీసే పొడి ఎంత సన్నదో చెప్పే అంకె, అంకె పెరిగే కొద్దీ పొడి సన్నం), తర్వాత 1200, 3000, మధ్యలో ఏదీ వదలొద్దు, గ్రిట్ మార్చే ముందు ప్రతిసారీ రాయి తుడిచి ఆరనిచ్చి లైట్ కింద అటూ ఇటూ వంచి చూడండి, తడిగా ఉంటే గీతలు అస్సలు కనపడవు. చివర్లో ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) వద్దు, గట్టి తోలు మీద డైమండ్ పేస్ట్ వాడండి. జేడ్‌లో ఒక రకమైన నెఫ్రైట్ కాఠిన్యం మోస్ స్కేల్ మీద (అందులో వజ్రం 10) 6 నుంచి 6.5 మాత్రమే, కానీ లోపల నారలు పెనవేసుకుని ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా పగలదు, నాకు ఈ రాయంటే అంత ఇష్టం అందుకే. అరగదీసేటప్పుడు నీళ్ళు పోయడం మాత్రం ఆపొద్దు, మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.