పొగమంచులో విమానం దిగుతుంటే పైలట్‌కు పనేముంటుంది?

పొగమంచులో విమానం తనంతట తానే దిగిపోతుందట కదా, అప్పుడు పైలట్లు చేతులు కట్టుకుని కూర్చుంటారా అని మీరు అడిగారు. నేను కొన్నేళ్లుగా ఎయిర్‌బస్ ఏ320లో కోపైలట్‌గా పనిచేస్తున్నాను. విమానం తనంతట తాను దిగే మాట నిజమే, కానీ చేత్తో దించే మామూలు రోజు కంటే ఆ రోజు మాకు పని ఎక్కువ.

మాది మిర్యాలగూడ. మా నాయిన రైస్ మిల్లుల లారీ నడిపేవాడు. చలికాలం తెల్లవారుజామున సాగర్ ఎడమ కాలువ కింది పొలాల మీద మంచు కమ్ముకుంటే, అద్దంకి రోడ్డు పక్కన బండి ఆపి, ఎండ పొడిచేదాకా చాయ్ తాగుతూ కూర్చునేవాడు. విమానానికి ఆ వెసులుబాటు లేదు. దిగే వేళకు అది గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 70 మీటర్లకు పైగా పోతుంటుంది. రన్‌వే మీద చూపు 125 మీటర్ల వరకే ఆనుతోందంటే పైలట్ ముందున్న దారి రెండు సెకన్లకైనా చాలదు. అంతలో చూసి, పోల్చుకుని, చేత్తో సరిదిద్దడం మనిషికి అయ్యే పని కాదు కాబట్టే ఆటోల్యాండ్, అంటే విమానం తనంతట తాను దిగే పద్ధతి, కావాల్సి వచ్చింది. ఇదేమీ కొత్త విద్య కాదు. 1965లోనే లండన్‌లో ట్రైడెంట్ విమానం ఒకటి ప్రయాణికులతో ఇలా దిగింది.

దిగే విమానానికి దారి చూపే రేడియో వ్యవస్థను ఐఎల్‌ఎస్ అంటారు. రన్‌వే దగ్గర ఉండే దాని యాంటెన్నాలలో ఒకటి నడిగీతను, మరొకటి మూడు డిగ్రీల వాలును రేడియో సంకేతాలతో చూపుతాయి. ఆటోపైలట్ వాటిని పట్టుకుని వస్తుంది. చివర్లో రేడియో ఆల్టిమీటర్ చెప్పే ఎత్తును బట్టి ముక్కు పైకెత్తుతుంది. ఎంత తక్కువ చూపులో దిగవచ్చో బట్టి ఈ దిగడాన్ని కేటగిరీలుగా విడదీస్తారు. కేటగిరీ-1లో 200 అడుగుల దగ్గర, కేటగిరీ-2లో 100 అడుగుల దగ్గర రన్‌వే దీపాలు కనిపించకపోతే మళ్లీ పైకి లేవాలి. కేటగిరీ-3లో ఆ హద్దు ఇంకా కిందికి వస్తుంది. అందుకు రన్‌వేకు, విమానానికి, ఇద్దరు పైలట్లకూ అనుమతి ఉండాలి. ఒక్కటి తగ్గినా వేరే ఊరికి మళ్లడమే. నేల మీది విమానాలు అడ్డొస్తే సంకేతాలు చెదురుతాయి కనుక, మంచు రోజున విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు. మీరు ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ కూర్చోవడానికి అదొక కారణం.

ఒక జనవరి ఉదయం శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లాం. అక్కడ చూపు ఆ 125 మీటర్లే. రెండు ఆటోపైలట్లనూ కలిపి పెట్టాం. కింది ఎత్తులో ఒకటి చెడినా రెండోది పని పూర్తి చేస్తుంది. కెప్టెన్ చూపు క్రమంగా బయటికి మళ్లింది, నా చూపు మాత్రం లోపలి తెర మీదే ఉండాలి. 350 అడుగులు దాటేలోగా, ఆటోపైలట్ దిగడానికి సిద్ధమైందని చెప్పే 'ల్యాండ్' అనే పచ్చ అక్షరాలు రాకపోతే చెప్పాల్సింది నేనే. వచ్చాయి. 200 అడుగుల కింద కెప్టెన్ ఎదుట, ఆటోల్యాండ్‌లో తేడా వచ్చిందని హెచ్చరించే ఎర్ర దీపం వెలిగిందంటే, బయట ఏమీ కనిపించని స్థితిలో పైకి లేవడం తప్ప మరో ఆలోచన ఉండదు. అందుకే ఆయన కుడిచేయి ఇంజన్ లీవర్ల మీది నుంచి కదల్లేదు. దాదాపు నేలకు ఆనబోతుండగా 'రిటార్డ్' (ఇంజన్ శక్తి తగ్గించు) అని విమానమే పలికింది, ఆయన లీవర్లు వెనక్కి లాగారు. చక్రాలు ఆనాక కూడా రన్‌వే నడిమి గీత మీద నడిపింది ఆటోపైలటే, కానీ వేగం తగ్గించడానికి ఇంజన్ల రివర్స్ వేసింది ఆయన చెయ్యే.

నిజం చెప్పాలంటే నాకు చెమట పట్టింది ఆ తర్వాతే. రన్‌వే వదిలి గేటు దాకా పోవడానికి ఏ ఆటోపైలటూ లేదు. దారి మధ్యలో వెలిగే ఒక్కొక్క పచ్చదీపమే చూసుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా ఛార్టు సరిచూసుకుంటూ, నడక వేగంతో పోయాం.