నిజ్వా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఒమన్‌లోని నిజ్వా ఊరి మీద నువ్వు రాసి పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. వారమంతా మస్కట్‌లో డ్యూటీ చేసి, ఉన్న ఒక్క సెలవు రోజున చీకటితోనే లేచి, దాదాపు 160 కిలోమీటర్లు వెళ్లి శుక్రవారం సంత చూసి, ఆ రాత్రే కూర్చుని రాశానన్నావు. ఆ తపన నాకు చాలా నచ్చింది. అందుకే నచ్చనిది కూడా దాచకుండా చెబుతాను.

మొదటి రెండు పేజీల్లో ఇసుక, ఒంటె, అత్తరు, మేలిముసుగు ఉన్నాయి. వాటిని ఏ అరబ్ ఊరి పేరు కింద పెట్టినా సరిపోతాయి. అంటే నువ్వు నిజ్వా చేరకముందే ఆ వాక్యాలు నీ సంచిలో ఉన్నాయన్నమాట. కొట్టెయ్యి. మూడో పేజీ చివర ఒక మాట రాశావు చూడు, “ఊరి బయట కాలవలో పిల్లలు కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు” అని. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

ఆ కాలవ పేరు ఫలజ్ దారిస్. నువ్వు పేరు కూడా అడగకుండా దాటిపోయావు. కొండ పాదంలో నీళ్లు తగిలేదాకా తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపల సన్నటి వాలుతో సొరంగం తీసి, మోటారు లేకుండా నీటిని ఊళ్లోకి నడిపిస్తారు. ఒమన్‌లో ఇలాంటి కాలవలు ఇప్పటికీ సుమారు 3,000 పనిచేస్తున్నాయి. దారిస్‌తో కలిపి ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ లెక్కలు ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. నిదానంగా రాయాల్సింది నీళ్లు పంచుకునే వరస గురించి. ముందు తాగడానికి. తర్వాత మసీదులో వజూకి (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి), స్నానాలకి. తర్వాత ఖర్జూరపు చెట్లకి. ఆ పైన మిగిలితే సీజను పంటలకి. నీటి వంతుని అథర్ అంటారు, సుమారు అరగంట. పగలు నీడ గడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవారు. కాలవ పెత్తనం చూసేవాడు వకీల్, వంతులు పంచేవాడు అరీఫ్, వేలం పాట పాడి వంతులు అమ్మేవాడు దల్లాల్.

ఆ పేర్లు ఒకసారి పైకి చదువు. వకీలు, దళారి! మన ఊళ్లలో పొద్దున లేస్తే వినిపించే మాటలే. మా ఊరి చెరువు కింద తూము తెరిచి, ఎవరి మడికి ఎంతసేపో చూసుకునే నీరటి ఉండేవాడు. చిన్నప్పుడు రాత్రిపూట నాన్న వెంట లాంతరు పట్టుకుని వంతు కోసం గట్టు మీద కూర్చున్నాను. అరీఫ్ పని ఏమిటో మొదటిసారి విన్నప్పుడు, ఆ గట్టు మీది చలి ఒంటికి తగిలినట్టయింది. ఊరి తిండి గురించి రాయాలంటే నీళ్ల దగ్గర మొదలుపెట్టమని నేను అనేది అందుకే. నువ్వు మెచ్చుకుంటూ రాసిన ఖర్జూరం, సంతలో చూసిన మేక మేసిన గడ్డి, రెండూ ఈ నీళ్ల మీదే బతికాయి. పళ్లెంలోని అన్నం, యాలకులు సముద్రం దాటి వచ్చాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నీ పళ్లెం వర్ణన దానంతటదే మారిపోతుంది.

ఇక సంత. “వేలం చాలా సందడిగా సాగింది” అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆ ఊళ్లో చూడాల్సింది అదే. జుమ్మా నమాజుకి చాలా ముందే అంతా అయిపోతుంది. అమ్మేవాళ్లు మేకల్ని తాళ్లతో పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ధర అరుస్తుంటారు. కొనేవాళ్లు ఆ వలయానికి లోపలా బయటా ఉంటారు. ఒకడు చెయ్యెత్తి ఆపుతాడు. నడుము మీద వేళ్లతో నొక్కి కండ చూస్తాడు, పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు, వదిలేస్తాడు. మేక మళ్లీ తిరుగుతుంది, ఈసారి ధర మారుతుంది. ఒక్క మేకని ఎంచుకో. అది లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఎవరి పికప్ బండి ఎక్కిందో అక్కడిదాకా దాని వెంటే ఉండు. నువ్వు యాభై మేకల్ని చూశావు, అందుకే ఒక్కటీ కాగితం మీదకి రాలేదు.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి. నేను మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు, ముఖానికి బిరుసైన ముసుగు కట్టుకుని మేకని అమ్ముతున్న ఒక బెదూయిన్ (ఎడారి సంచార తెగ) ఆవిడని అడగకుండా ఫోటో తీశాను. ఆవిడ ఏమీ అనలేదు. మేకని పట్టుకుని అటు తిరిగి నిలబడిపోయింది. పక్కనున్న పెద్దాయన నా దగ్గరకొచ్చి, మెల్లగా, ఆమె అమ్ముకోవడానికి వచ్చింది కదా అన్నాడు. ఫోటో చెరిపేశాను కానీ, ఆవిడ తిరిగి నిలబడిన తీరు ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. నీ మూడు ఫోటోల్లో రెండింటిలో ఆడవాళ్లు ఉన్నారు. అడిగి తీశావా? అడగకపోతే వాడొద్దు.

సంతలో ఏదో ఒకటి కొను. అరకిలో ఖర్జూరమైనా సరే. కొంటేనే రుచి చూపిస్తారని కాదు, కొనకపోయినా చూపిస్తారు. బేరం మొదలైతే మాట మొదలవుతుంది. ఖలాస్, ఖునైజీ, ఫర్ద్ అని పేర్లు చెబుతారు. ఏది మెత్తన, ఏది జిగురు, ఏది కాఫీతో బాగుంటుందో వాళ్లే చెబుతారు. ఒమన్‌లో మబ్సలీ అనే రకం ఉంది. దాన్ని పచ్చిగా ఉండగానే కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి చాలా కాలంగా మన దేశానికి పంపుతున్నారు. మన పెళ్లిళ్లలో పసుపు కొమ్ములు, వక్కల పక్కన ఎండు ఖర్జూరాలు పెడతాం కదా, ఆ సంచి వెనక ఇలాంటి దారి ఉంటుందని చాలామందికి తెలియదు. చిల్లర తిరిగిస్తూ కొట్టువాడు “బాకీ” అంటే చెవి పెట్టు. మనకి అది అప్పు, వాళ్లకి మిగిలింది. వాళ్లు చేతిలో పెట్టే బైసా మన పైసాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు తెచ్చిన గల్ఫ్ రూపాయి ఒమన్‌లో 1970 దాకా నడిచింది.

హల్వా గురించి నువ్వు రాసింది చదువుతుంటే మాడుగుల హల్వా, కాకినాడ కాజా, హైదరాబాద్ డబుల్ కా మీఠా, మూడూ వచ్చాయి. ఒక్క పోలిక ఉంచు. నన్నడిగితే మాడుగులే ఉంచమంటాను, రెండింట్లోనూ నెయ్యి, ఓపిక కలుస్తాయి కాబట్టి. ఆ తర్వాత వెంటనే తేడా చెప్పాలి. ఒమనీ హల్వాని పెద్ద రాగి గుండిగలో గంజిపొడి, చక్కెర, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులు, గులాబీ పన్నీరు వేసి రెండు గంటలకి పైగా ఆపకుండా కలుపుతారు. ముక్క కోసేలా ఉండదు, వేళ్లతో తీసుకునేలా జారుతుంది. కలిపేవాడి భుజం చూశావా? ఆ భుజం గురించి రెండు వాక్యాలు రాస్తే, “నోట్లో వేసుకుంటే కరిగిపోయింది” అనే మాట అక్కర్లేదు. ఆ మాట ఇప్పటికే అందరూ రాసేశారు.

కాఫీ అధ్యాయం బాగుంది. దాన్ని ముట్టుకోకు. ఎడమ చేత్తో దల్లా అనే కాఫీ కూజా పట్టుకుని కుడి చేత్తో కప్పు అందించడం, అడుగున కొంచెమే పోయడం, చాలనిపిస్తే కప్పుని అటూ ఇటూ ఊపడం, అన్నీ సరిగ్గా పట్టుకున్నావు. నాలుగో కప్పు దాకా ఊపాలని తెలియక టెన్షన్ పడ్డానని రాసిన చోట నువ్వు నిజంగా కనిపించావు.

ఒకటి మాత్రం వదిలేశావు, అది చిన్నది కాదు. నువ్వు పరోటా తిన్న హోటల్లో దాన్ని కాల్చింది మలయాళీ అని నీ చిత్తుప్రతిలోనే ఉంది, శుద్ధప్రతిలో కొట్టేశావు. “అరబ్ వాతావరణం” చెడిపోతుందనుకున్నావేమో. నిజ్వా రోజువారీ బతుకులో ఆ మలయాళీ ఉన్నాడు, గోడ కట్టే బంగ్లాదేశీ ఉన్నాడు, జగిత్యాల నుంచి, కడప నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉన్నారు. వాళ్లని తీసేస్తే అబద్ధం రాసినట్టే. నువ్వూ అలా వెళ్లినవాడివే. మీ అమ్మ ఫోన్లో “ఏం తిన్నవ్ బిడ్డా” అని అడిగితే ఆ పరోటా సంగతే చెప్పి ఉంటావు. అమ్మకి చెప్పింది పాఠకుడికి కూడా చెప్పు.

కోట గురించి మూడు పేరాలు అక్కర్లేదు. 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన ఆ గుండ్రటి బురుజు ఎక్కి, కిందికి చూసి, పచ్చటి తోపు ఎక్కడ ఆగిపోయి రాయి మొదలవుతుందో ఆ గీత ఒక్కటి రాయి. కాలవ నీళ్లు అందినంత మేరే ఆ పచ్చదనం.

వచ్చే శుక్రవారం సెలవు దొరికితే మళ్లీ వెళ్లు. ఈసారి కెమెరా రూములో పెట్టి, ఫలజ్ దారిస్ దగ్గర పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే సలాం చెప్పి కాసేపు కూర్చో. వెంటనే ప్రశ్నలు వేయకు. కుశలాలు అయ్యాక, మబ్బు పట్టి నక్షత్రాలు కనపడని రాత్రుల్లో వంతు ఎలా లెక్కపెట్టేవారో అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. ఎదురు చూస్తుంటాను.

ప్రేమతో,
నీ అన్న