డొమైన్ కొన్నంత మాత్రాన పేరు మీదైపోదు

ప్రశ్న: ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో రెండేళ్లుగా అమ్ముతున్నాను. అమెరికాకూ పంపుతున్నాను. వెబ్‌సైట్ కోసం డొమైన్ కొన్నాను, ఒక ఫ్రీలాన్స్ డిజైనర్‌తో లోగో చేయించాను. ఇక పేరు, లోగో నావే కదా? - ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఇంకా కాలేదండీ. డొమైన్‌తో మీకు దక్కింది వెబ్ చిరునామా మాత్రమే. పేరుకు రక్షణ ట్రేడ్‌మార్క్‌తో వస్తుంది. లోగో బొమ్మకు కాపీరైట్ కూడా ఉంటుంది, ముందు చూసుకోవాల్సింది అదే.

డబ్బులిచ్చాం కాబట్టి లోగో మనదే అనుకుంటాం. కానీ ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాదు. అందుకే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా గీసినవారే దానికి తొలి హక్కుదారు. ఆ హక్కు మీకు రావాలంటే వారి సంతకంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వాట్సాప్‌లో 'వాడుకోండి మేడమ్' అన్నారని ఊరుకోవద్దు. ఒప్పందంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కేస్తుంది. మీ పార్సిళ్లు అమెరికా వెళ్తున్నాయి కాబట్టి 'కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా' అని స్పష్టంగా రాయించుకోండి. పనిలో పనిగా ఎడిట్ చేసుకోగలిగే ఒరిజినల్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి. జేపీజీ ఒక్కటే ఇస్తే రేపు లేబుల్ సైజు మార్చాలన్నా మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి.

ఇక పేరు. అదే పేరు ఇంకెవరైనా ట్రేడ్‌మార్క్ చేయించుకున్నారేమో, ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ కార్యాలయం నడిపే ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో ఉచితంగా వెతకండి. స్పెల్లింగ్ వేరైనా పలకడానికి ఒకేలా ఉంటే అభ్యంతరం రావచ్చు, కాబట్టి ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను తరగతులుగా విడగొట్టారు: పచ్చళ్లు 29వ తరగతిలోకి, మసాలా పొడులు 30లోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు దరఖాస్తు ఫీజు తరగతికి 4,500 రూపాయలు, అంటే మీకు 9,000. 'గోదావరి ఆవకాయ' లాంటి పేరైతే రిజిస్ట్రేషన్ కష్టం. ప్రాంతం పేరు, సరుకు పేరు అందరూ వాడుకునేవి కదా.

రెండేళ్ల నుంచి అమ్ముతున్నారు కాబట్టి దరఖాస్తులో అమ్మకం మొదలుపెట్టిన తేదీ వేసి, అఫిడవిట్‌తో పాటు పాత బిల్లులు, తొలి పోస్టుల స్క్రీన్‌షాట్లు జత చేయండి. ఎవరైనా మీ తర్వాత అదే పేరు పెట్టుకుని ముందుగా రిజిస్టర్ చేయించుకున్నా, మొదటి నుంచీ వాడుతున్నది మీరేనని చెప్పడానికి ఇవే ఆధారం.

మీ పేరు ట్రేడ్‌మార్క్ కార్యాలయం ప్రచురించే జర్నల్‌లో వచ్చాక 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్టరైతే 10 ఏళ్లు చెల్లుతుంది, ఆపై రెన్యువల్ చేయించుకోవాలి. రిజిస్టరయ్యేదాకా లేబుల్ మీద 'టీఎం' (ట్రేడ్‌మార్క్) అని వేసుకోండి. సున్నాలో 'ఆర్' గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాకే వేయాలి, ముందే వేస్తే చట్టం ఒప్పుకోదు.