ఫ్లోరైడ్ ఒంట్లో ఏం చేస్తుందో చదువుతానంటోంది మా బిడ్డ, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. పత్తి వేస్తాం. మా బిడ్డకు ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి కానీ నీట్‌లో సీటొచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కు పంపిస్తానంటే వద్దంటోంది. మా అమ్మ ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయి మంచాన పడింది. “నాయనమ్మకు ఇట్లెందుకైందో, మనం కొట్టే పురుగుమందులు ఒంట్లోకి పోతే ఏమవుతుందో చదువుతా” అంటోంది. అసలు అలాంటి చదువు ఉందా? చదివితే బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: ఉందన్నా. ఆ చదువును టాక్సికాలజీ అంటారు. ఒక విషపదార్థం ఒంట్లోకి చేరాక ఎటు పోతుంది, ఒంట్లో రసాయన మార్పులు జరిపించే ఏ ఎంజైమును అడ్డుకుంటుంది, కాలేయం దాన్ని ఎలా మారుస్తుంది, కిడ్నీలు ఎంత బయటికి పంపుతాయి అని చూసే శాస్త్రం అది. దానికి పునాది బయోకెమిస్ట్రీ, అంటే ఒంట్లో జరిగే రసాయన మార్పుల చదువు.

మీ బిడ్డ పట్టుకున్న ప్రశ్న ఎంత లోతైనదో చెప్తాను. షుగర్ పరీక్షకు రక్తం తీసి బూడిద రంగు మూత ఉన్న చిన్న ట్యూబులో పోస్తారు, మీరు చూసే ఉంటారు. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. మామూలు ట్యూబులో వదిలేస్తే రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా షుగర్ తగ్గిపోతుంది. ఫ్లోరైడ్ ఉంటే ఎనోలేజ్ అనే ఎంజైము పని ఆగిపోతుంది, దాంతో గంటా రెండు గంటల్లో గ్లూకోజు విచ్ఛిన్నం కావడం నిలిచిపోతుంది. ట్యూబులో ఫ్లోరైడ్ మోతాదు మన బోరు నీళ్లలో కంటే వందల రెట్లు ఎక్కువ. మరి లీటరుకు మూడు, నాలుగు మిల్లీగ్రాములున్న నీళ్లను ఏళ్ల తరబడి తాగితే? తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. మించిన ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలో చేరి కూర్చుంటుంది. ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది, కీళ్ల దగ్గర ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు గట్టిపడిపోతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. మీ అమ్మగారు పడుతున్న బాధ ఇదే.

ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరు వంగిపోతారు, ఇంకొకరు నిలబడి తిరుగుతారు. తిండిలో కాల్షియం ఎంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఎండలో పని చేసి రోజుకు ఎన్ని నీళ్లు తాగారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పురుగుమందులదీ ఇలాంటి కథే. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు తీసుకోండి. క్లోరిపైరిఫాస్‌ను కాలేయం మార్చేటప్పుడు దానికంటే ఘాటైన విషం తయారవుతుంది. అది నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కట్టేస్తుంది. మందు కొట్టి వచ్చినవాళ్లకు చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, కళ్లు మసకబారేది అందుకే. ఈ సంగతులు మీ బిడ్డకు ఇంట్లోనే కనిపిస్తున్నాయి. ఇంత దగ్గరి నుంచి చూసిన పిల్లలు ఈ రంగానికి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

“ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా చదవడానికేముంది” అని ఎవరైనా అనొచ్చు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారగానే పోదు. హైదరాబాద్ మురుగు కలిసే మూసీ నీళ్లతో పండే వరి ఉంది, పత్తి చేల మందులున్నాయి, ఇవన్నీ ఇంకా చదవాల్సినవే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. ఆ పేరున్న జిల్లా నుంచి వచ్చే పరిశోధకులు ఇంకా ఎక్కువ మంది కావాలి.

ఇక అసలు జాగ్రత్త ఇక్కడ. ‘ఎన్విరాన్‌మెంట్’ అని పేరు కనిపించగానే ఏదో ఒక కోర్సులో చేర్చకండి. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) ఆప్షన్లు పెట్టేటప్పుడు కెమిస్ట్రీ తప్పకుండా ఉన్న బీఎస్సీ గ్రూపునే ఎంచుకోండి. దానితో బయోకెమిస్ట్రీ ఉంటే మరీ మంచిది, లేకపోతే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అయినా చాలు. డిగ్రీలో కెమిస్ట్రీ వదిలేస్తే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి చాలా చోట్ల దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క తప్పుతో ఇబ్బంది పడిన పిల్లలు తరచూ నా దగ్గరికి వస్తుంటారు. డిగ్రీ అయ్యాక పీజీ ప్రవేశ పరీక్షలుంటాయి: రాష్ట్ర పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియాతో పాటు రాష్ట్రంలోని మిగతా యూనివర్సిటీలు, కేంద్ర యూనివర్సిటీల పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ.

ఇంకో దారి బీఫార్మసీ. ఎప్‌సెట్ ర్యాంకుతో చేరొచ్చు. తర్వాత ఫార్మకాలజీలో (మందులు ఒంట్లో ఎలా పని చేస్తాయో చెప్పే శాస్త్రం) పీజీ చేస్తే మందుల కంపెనీల భద్రతా పరీక్షల ల్యాబుల్లో పని దొరుకుతుంది. త్వరగా సంపాదించాల్సిన ఇంటికి ఈ దారి మేలు, అయితే ఫీజు చూసుకోండి.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్తాను. ఉత్త బీఎస్సీతో వచ్చే ల్యాబ్ ఉద్యోగాల జీతం చాలా తక్కువ. ఎమ్మెస్సీ దాకా చదివించగలిగితేనే ఇందులో దిగండి. ఎమ్మెస్సీ ఉంటే నీటి, ఆహార పరీక్షల ల్యాబులు, ఫార్మా ల్యాబులు, నోటిఫికేషన్ పడినప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగాలు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు, మీ మీద భారం పడదు. హైదరాబాద్‌లో ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ), లక్నోలో ప్రత్యేకంగా టాక్సికాలజీ కోసమే ఉన్న ఐఐటీఆర్ లాంటి సంస్థలున్నాయి.

లాంగ్ టర్మ్ సంగతి: వద్దంటున్న పిల్లను బలవంతంగా పంపితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ డబ్బు ఎమ్మెస్సీకి దాచిపెట్టండి. దోస్త్ విడత ముగిసేలోపు కాలేజీకి వెళ్లి, కెమిస్ట్రీ ల్యాబు నిజంగా నడుస్తోందో లేదో సీనియర్ పిల్లలనే అడిగి తెలుసుకోండి.