అమ్మ మాటతోనే మొదలుపెట్టండి

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు. నాన్న పోయాక, నేనుంటున్న ఈ పరాయి దేశానికి వచ్చేసింది. ఏడాదిగా ఒళ్లంతా మంటలు, గుండెల మీద బండ పెట్టినట్టుంది అంటోంది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టర్ డిప్రెషన్ అని మాత్రలు రాస్తే, "నాకేమైనా పిచ్చా?" అని పది రోజులకే మానేసింది. కౌన్సెలర్ దగ్గర భాష రాక నేనే అనువాదం చేశాను. నా వంక చూసి "బాగానే ఉన్నానని చెప్పు" అంది, అంతే. ప్రార్థన చేసుకుంటే చాలంటుంది. తనని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించడం తర్వాత చూద్దామమ్మా. ముందు ఆవిడ చెబుతున్నది విందాం. గుండెల మీద బండ అన్నది సాకు కాదు. చాలామందిలో డిప్రెషన్ ఒంటి బాధగానే బయటపడుతుంది. 1980ల మొదట్లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు చైనాలోని హునాన్‌లో, నరాల బలహీనత అని చికిత్స పొందుతున్నవాళ్లను పరిశీలించారు. వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది డిప్రెషనే. కానీ వాళ్లు చెప్పుకున్నది తలనొప్పి, నిద్ర పట్టకపోవడం గురించి. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు 'కుఫుంగిసిస' అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. అక్కడ శిక్షణ పొందిన పెద్ద వయసు ఆడవాళ్లు క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టుకుని, ఆ మాటతోనే సంభాషణ మొదలుపెట్టి ఎంతోమందికి ఊరట ఇచ్చారు.

కాబట్టి డిప్రెషన్ అనే పేరు కోసం పట్టుబట్టకండి. "నీకేమైందనుకుంటున్నావమ్మా? ఎప్పుడు మొదలైంది? దేనికి భయంగా ఉంది?" అని అడగండి. డాక్టర్లు ఇలా అడగడానికే, మానసిక సమస్యలను గుర్తించడానికి వాడే డీఎస్ఎమ్-5 అనే పుస్తకంలో (2013లో వచ్చింది) 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉంది. అలా అడగగలరా అని మీ డాక్టర్‌ని నిస్సంకోచంగా అడగొచ్చు.

ఇక అనువాదం. ఇది మాత్రం మీరు మానుకోవాలి. మీ ఇంట్లో తనకెలా ఉందో మీ నోటితోనే చెప్పమంటే ఏ తల్లి చెబుతుంది? మీరు బాధపడతారని ఆవిడ మాట మింగేశారు. ఆసుపత్రి ద్వారా శిక్షణ ఉన్న అనువాదకులను అడగండి, లేదా ఆవిడ భాష మాట్లాడే కౌన్సెలర్‌ని వీడియోలో చూడండి. అయితే మనవాళ్లే కదా అని మీరే తేల్చేయకండి. విషయం నలుగురికీ తెలుస్తుందని కొందరికి సొంతవాళ్ల దగ్గరే ఎక్కువ భయం. అమ్మనే అడగండి.

పది రోజుల్లో మాత్ర పనిచేయలేదని అనుకోకూడదు. వికారం లాంటి ఇబ్బందులు ముందే వస్తాయి, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ మాట ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. కొన్ని మందులను శరీరం ఎంత వేగంగా విడగొడుతుందనేది పుట్టుకతోనే మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. వయసు సంగతీ ఉంది. తక్కువ డోసుతో మొదలుపెడతారేమో అడగండి. మీ అంతట మీరు మళ్లీ వేయొద్దు. మూలికలేమైనా వాడుతుంటే దాచకుండా చెప్పండి. సెయింట్ జాన్స్ వోర్ట్ లాంటిది ఈ మాత్రలతో కలిస్తే ప్రమాదం.

ప్రార్థనను మాత్రకు పోటీగా పెట్టకండి, రెండూ ఉండనివ్వండి. అలాగని "ఈ వయసులో, భర్త పోయాక ఇంతేలే" అని వదిలేయడం కూడా అన్యాయమే. ఆవిడకు బాగయ్యే అవకాశం ఉంది.

ఒక్కటి మాత్రం సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఈ వారంలో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి మీరూ లేచి ఆవిడ పక్కన కూర్చోండి. మాత్రల సంగతి ఎత్తకండి. ఆ బండ ఏ వేళ బరువెక్కుతుందో, ఏ వేళ కాస్త తేలికపడుతుందో అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసుకుని డాక్టర్‌కి ఇవ్వండి.