ఇల్లు విశాఖలో ఉంటే ఎన్ఐటీలో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో) హోమ్ స్టేట్ కోటా వచ్చేస్తుందా?

రాదు, ఇంటర్ లేదా పన్నెండో తరగతి మొదటిసారి ఏ రాష్ట్రంలో పాసైతే అదే మీ హోమ్ స్టేట్.

ఎన్ఐటీల్లో మామూలుగా సగం సీట్లు సొంత రాష్ట్రానికి, మిగతా సగం బయటివాళ్లకు. రెండింటికీ కటాఫ్ ర్యాంకులు వేరు. ఎవరు ఏ వైపో తేల్చేటప్పుడు ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఆధార్‌ అడ్రస్ పనికిరాదు, మార్కుల మెమో చూస్తారు.

విశాఖ గాజువాక అబ్బాయి రాజస్థాన్‌లోని కోటా నగరంలో స్కూల్లో చేరి అక్కడే పన్నెండు పాసయ్యాడనుకోండి. అతనికి జైపూర్ ఎన్ఐటీ సొంతం, ఏపీలోని తాడేపల్లిగూడెం ఎన్ఐటీ పరాయిది! అదే అబ్బాయి కోచింగ్ మాత్రం అక్కడ తీసుకుని, ఇంటర్ విశాఖ కాలేజీ నుంచి పాసైతే తాడేపల్లిగూడెంలో హోమ్ స్టేటే. వరంగల్ ఎలాగూ తెలంగాణ కిందకు వెళ్లింది కాబట్టి అతనికి అది బయటి రాష్ట్రమే.

చాలామంది పొరబడేది ఫీజు దగ్గర. బయటి రాష్ట్రమైతే ఎక్కువ కట్టాలని టెన్షన్ పడతారు. ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజుకు రాష్ట్రంతో పని లేదు. పెరిగేది రైలు ఛార్జీలే. ఐఐటీల్లోనైతే ఈ కోటాయే లేదు.