టెక్ సందేహాలు: పసుపు రింగు కాలుతోంది, పచ్చ రింగు చేతులెత్తేసింది

గుణుపురంలో రిపేరు షాపు నడుపుతున్నాను. 24 వోల్టుల సోలార్ బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసే ఎల్‌ఎమ్ 2596 (వోల్టేజి తగ్గించే ఐసీ) బోర్డులో కాయిల్ మాడిపోయింది. పాత కంప్యూటర్ సప్లైలోని పసుపు-తెలుపు రింగు మీద 33 మైక్రోహెన్రీల (కాయిల్ ఇండక్టెన్స్ కొలత) కాయిల్ చుట్టి పెడితే పది నిమిషాల్లో వేలు ఆనించలేనంత వేడి. పచ్చ రింగు మీద పది చుట్లు వేస్తే మీటరు 370 మైక్రోహెన్రీలు చూపించింది, కానీ లోడు పెట్టగానే ఐసీ వేడెక్కి ఆగిపోతోంది. ఏ కోర్ (తీగ చుట్టే రింగు) వాడాలి?

షాపు బోర్డు ఒడియాలో ఉన్నా ప్రశ్న ఇంత చక్కటి తెలుగులో రాసి పంపారు, చాలా సంతోషం. మీ చేతి పనిలో తప్పేం లేదండీ, రింగులే వేరే పని కోసం పుట్టినవి.

ముందు పచ్చ రింగు సంగతి. అది కరెంటు లోపలికొచ్చే చోట నాయిస్ ఆపడానికి పెట్టే మాంగనీస్-జింక్ ఫెర్రైట్, అంటే ఇనుప ఆక్సైడుతో చేసిన పింగాణీ లాంటి అయస్కాంత పదార్థం. పర్మియబిలిటీ, అంటే అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి పోనిచ్చే గుణం, 5000 దాకా ఉంటుంది కాబట్టి పది చుట్లకే మీటరులో అంత పెద్ద అంకె వచ్చింది. అయితే మీటరు కొలిచేది దాదాపు కరెంటు లేనప్పుడు. ఫెర్రైట్ సుమారు 0.4 టెస్లా (అయస్కాంత క్షేత్రం కొలత) దగ్గర నిండిపోతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టదు, వేడెక్కితే ఇంకా ముందే. రింగు చుట్టుకొలత అయిదు సెంటీమీటర్లు అనుకుని లెక్క కడితే మూడు ఆంపియర్-చుట్లకే ఆ హద్దు వచ్చేస్తుంది, అంటే మీ పది చుట్లలో 0.3 ఆంపియర్ పోతే చాలు. ఆ తర్వాత అది కాయిల్ కాదు, ఉత్త రాగి తీగ, ఐసీ ఆగక ఏం చేస్తుంది చెప్పండి. ఇలాంటి కాయిల్ శక్తిని కాసేపు దాచి తిరిగి ఇవ్వాలి, దాచడానికి ఎక్కడో ఖాళీ కావాలి. అందుకే ఫెర్రైట్ ఈ-కోర్‌లలో మధ్య కాలు అరగదీసి గ్యాప్ ఉంచుతారు. రింగుకి ఆ గ్యాప్ లేదు.

పసుపు-తెలుపు రింగులో ఆ ఖాళీ ఉంది. ఇనుప పొడిని బైండర్‌తో కలిపి అచ్చులో నొక్కుతారు కదా, గింజకీ గింజకీ మధ్య ఉన్న సందులే గ్యాప్. మామూలుగా ఇది 26 నంబరు పదార్థం, పర్మియబిలిటీ 75. మరి ఎందుకు కాలుతోంది? కోర్‌ని కాల్చేది నిలకడగా పోయే కరెంటు కాదు, దాని మీద ఊగే భాగం. పాత సప్లైలో దాని గుండా పోయే డీసీ ఎక్కువ, ఊగు తక్కువ, ఫ్రీక్వెన్సీ కూడా తక్కువే. ఇక్కడ ఐసీ సెకనుకి లక్షా యాభై వేల సార్లు కొడుతోంది, 33 మైక్రోహెన్రీలతో 24 నుంచి 12కి దించితే ఊగు దాదాపు 1.2 ఆంపియర్. ఇంకో ప్రమాదం, ఇది చాలామంది పట్టించుకోరు: ఇనుప పొడి రింగుల్లోని బైండర్ వేడికి నెమ్మదిగా పాడవుతుంది, నష్టం (కోర్‌లో వేడిగా పోయే శక్తి) పెరుగుతుంది, నష్టం పెరిగేకొద్దీ వేడీ పెరుగుతుంది. ఇవాళ పనిచేసిన బోర్డు కొన్ని నెలల తర్వాత కస్టమర్ ఇంట్లో మాడుతుంది. అందుకే ఈ రింగుని ఇందులో పెట్టి బోర్డు ఇచ్చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

సెండస్ట్ రింగు తెప్పించుకోండి. ఇనుము 85, సిలికాన్ 9, అల్యూమినియం 6 శాతం కలిసిన పొడి అది, దాదాపు 1 టెస్లా దాకా తట్టుకుంటుంది, నష్టం ఇనుప పొడి కంటే బాగా తక్కువ. పర్మియబిలిటీ 60 ఉన్నది అడగండి. ఇండక్టెన్స్ కూడా 100 మైక్రోహెన్రీలకి పెంచితే ఊగు 0.4 ఆంపియర్‌కి దిగుతుంది.

రంగుని మాత్రం పూర్తిగా నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కో పెయింటు. పది చుట్లు వేసి కొలిచి ఆ విలువని వందతో భాగిస్తే ఒక చుట్టుకి ఎంతో తెలుస్తుంది, దాన్ని ఏఎల్ అంటారు. ఫెర్రైట్ ఏ రకమో తెలియాలంటే పెయింటు రెండు చోట్ల గీకి ఓమ్ మీటరు సూదులు గట్టిగా ఆనించండి. కిలో ఓమ్‌లలో ఏదో ఒక రీడింగు వస్తే మాంగనీస్-జింక్, అసలు కదలకపోతే నికెల్-జింక్ అయ్యే అవకాశం ఎక్కువ.

జయపురంలో ఉంటాను, హామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) లైసెన్సు ఉంది. 7 మెగాహెర్ట్జ్ ఫిల్టర్‌కి 1.4 మైక్రోహెన్రీల కాయిల్ ఫెర్రైట్ రింగు మీద చుట్టాను. మధ్యాహ్నం ఎండెక్కేసరికి ట్యూనింగ్ జారిపోతోంది.

ట్యూన్ చేసే కాయిల్‌కి పర్మియబిలిటీ తక్కువ ఉండాలి, వేడికి మారకుండా ఉండాలి. టి50-2 అనే ఎర్ర రింగు తీసుకోండి, పర్మియబిలిటీ 10 మాత్రమే. దాని ఏఎల్ 4.9 నానోహెన్రీలు, 1.4 మైక్రోహెన్రీలంటే 1400 నానోహెన్రీలు, ఆ 1400ని 4.9తో భాగించి వర్గమూలం తీస్తే 17 చుట్లు. తీగ రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు, బయటి అంచున కాదు, లోపలి వైపున లెక్కపెట్టండి. పసుపు రంగు టి50-6 ఇంకా నిలకడైనది, దానికి ఏఎల్ 4.0, చుట్లు 19. ఇది పైన చెప్పిన పసుపు-తెలుపు రింగు కాదు సుమా.

పర్లాకిమిడి నుంచి: ఎల్‌ఈడీ బల్బు వేస్తే మీడియం వేవ్ రేడియోలో ఒకటే గోల. వైరుకి క్లిప్ ఫెర్రైట్ తగిలించినా తగ్గలేదు.

ఆ క్లిప్పులు సాధారణంగా పదుల మెగాహెర్ట్జ్‌ల పైన పనిచేసేవి, మీడియం వేవ్ 1.6 మెగాహెర్ట్జ్ లోపే. పైగా వైరు ఒక్కసారే దూరితే అడ్డు చాలా తక్కువ, పది సార్లు దూరితే అది దాదాపు వంద రెట్లు అవుతుంది. బల్బుకి వెళ్లే రెండు వైర్లనీ కలిపి పట్టుకుని, పెద్ద మాంగనీస్-జింక్ రింగులో బల్బుకి దగ్గరగా పది చుట్లు వేయండి, కరెంటు ఆపాకే సుమండీ. రెండు వైర్లూ కలిసే వెళ్తాయి కాబట్టి బల్బు కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, కోర్ నిండదు. గుణుపురం వారు తీసి పక్కన పెట్టిన పచ్చ రింగు ఈ పనికే పుట్టింది, వైరు పట్టేంత సైజులో అలాంటిది ఏ పాత సప్లైలోనైనా దొరుకుతుందేమో చూడండి.